బొమ్మ మెరుపు – ఫోటో వెలుగు

చేతితో చేసిన వస్తువును దూరాన ఉన్న మనిషికి అమ్మాలంటే, ఆ మనిషి చెయ్యి చేయవలసిన పనిని ఫోటో చేయాలి. సంతలో కొనేవాడు వస్తువును పట్టుకుంటాడు, తిప్పుతాడు, గోటితో గీకి చూస్తాడు, బేరమాడుతూనే బరువు అంచనా వేస్తాడు. ఫోటోలో ఇవేవీ కుదరవు. కన్ను ఒక్కటే దిక్కు. ఆ కంటికి రంగు తప్పుగా కనిపించినా, సైజు తెలియకపోయినా నష్టం ఎవరిది? కొన్నవాడిది మాత్రం కాదు. అతడు పార్సెల్ తిరిగి పంపేస్తాడు. రెండువైపులా రవాణా ఖర్చు చేసినవాడి నెత్తినే పడుతుంది.

నేను భౌతికశాస్త్రం ఒక ముఖ్యాంశంగా బి.ఎస్‌సి. మూడవ సంవత్సరం చదువుతున్నాను. మాది అనకాపల్లి జిల్లాలో వరాహ నది పక్క పల్లె. చెరకు, వరి పండించుకుంటాము. ఏటికొప్పాక మాకు సైకిల్ దూరం. అక్కడ తరిణి పట్టే కుటుంబం ఒకటి మా ఇంటితో వరస కలుపుకున్నది. ఆ ఇంటి పెద్దను నేను మావయ్య అంటాను, ఆయన నన్ను అల్లుడూ అంటాడు. 2024 దసరాకు ముందు ఆయన పట్నానికి పంపిన పన్నెండు బొమ్మలూ తిరిగి వచ్చాయి. కారణం ఒక్క ముక్కలో రాశారు: "ఫోటోలో నారింజ, వచ్చింది పసుపు." ఆ ఫోటోలు రాత్రి పని ముగిశాక వరండాలో గుండు బల్బు కింద తీసినవి. పట్నంలో ఒక స్టూడియోను అడిగితే బొమ్మకు 150 రూపాయలు చెప్పారు. ఆ బొమ్మ అమ్మితే వచ్చేది 120. మావయ్య పెద్దకొడుకు అప్పటికే అచ్యుతాపురం కంపెనీలో పనికి కుదిరాడు. చిన్నవాడు కూడా అదే దారి చూస్తున్నాడు. కనుక ఈ వ్యాసంలో చెప్పబోయేది సరదా విషయం కాదని మనవి.

ముందుగా బొమ్మ సంగతి. ఏటికొప్పాక బొమ్మను అంకుడు కర్రతో చేస్తారు. తేలికైన కర్ర, మెత్తని రేణువు. కర్ర ముక్కను తరిణి మీద తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. తరువాత తిరుగుతున్న బొమ్మకే రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. ఒరిపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. రంగులు పసుపు కొమ్ము, నీలి, జాఫ్రా గింజలు మొదలైన వాటినుంచి తీస్తారు. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ. ఒకప్పుడు రసాయన రంగులు జొరబడిన ఈ పనిలో మళ్ళీ ప్రకృతి రంగులు నిలబెట్టడానికి శ్రమించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం కూడా ఈ బొమ్మలదే. పేరు దేశమంతా తెలిసింది సరే, పార్సెల్ మాత్రం తిరిగి వచ్చింది.

కష్టమంతా ఆ మెరుపుతోనే. లక్క పూసిన నున్నటి ఒళ్లు సగం అద్దం. బడిలో చదివిన పాఠమే: పతన కోణమూ పరావర్తన కోణమూ సమానం. గరుకు గోడ మీద పడ్డ వెలుగు అన్నివైపులకూ చెదురుతుంది. నున్నటి లక్క మీద పడ్డ వెలుగులో కొంత భాగం ఒక్క దిక్కుకే పోతుంది. ఆ దిక్కులో కెమెరా ఉంటే అక్కడ తెల్లమచ్చ. బొమ్మ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఏదో ఒక చోటు ఎప్పుడూ దీపాన్ని కెమెరా వైపుకే చూపిస్తుంది. మచ్చ తప్పదు. దాన్ని పోగొట్టాలని కుస్తీ పట్టటం దండగ. అది ఎంత పెద్దదిగా, ఎంత మెత్తగా, ఎక్కడ పడాలో మనం నిర్ణయించుకోవచ్చు. విద్య అంతా అక్కడే ఉన్నది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన కంటికి సుమారు అర డిగ్రీ కోణమే. ఫోను ఫ్లాష్ బొమ్మకు అడుగు దూరంలో ఉంటే ఒక డిగ్రీ మాత్రమే. రెండూ చిన్న దీపాల కిందే లెక్క. చిన్న దీపం నున్నటి వస్తువు మీద సూదిమొనలాంటి మచ్చను, వెనక కత్తిరించినట్టు నల్లని నీడను వేస్తుంది. అదే మూడడుగుల కిటికీకి మూడడుగుల దూరంలో బొమ్మ పెడితే, బొమ్మ దృష్టిలో ఆ కిటికీ యాభై డిగ్రీలకు పైగా పరుచుకున్న దీపం! వెలుగు ఎన్నో దిక్కులనుంచి వస్తుంది, నీడ అంచు కరిగిపోతుంది, మచ్చ వెడల్పై పలుచబడుతుంది. అంటే వెలుగు మెత్తదనం దీపం ఖరీదును బట్టి రాదు. బొమ్మ వైపునుంచి చూస్తే అది ఎంత వెడల్పుగా ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. స్టూడియోల్లో గొడుగులూ గుడ్డ పెట్టెలూ వాడేది ఇందుకే. మనకు కిటికీ ఉండగా గొడుగు ఎందుకు?

అయితే ఎండ నేరుగా పడే కిటికీ పనికిరాదు. ఉత్తరం కిటికీ ఉంటే అదృష్టం. లేకపోతే పాత తెల్లపంచె ఒకటి కిటికీకి అడ్డంగా కట్టండి. పంచె మీద పడ్డ ఎండ చెదిరి, పంచె మొత్తం దీపమైపోతుంది. తెల్లపంచే కావాలి. నీరుకావి పట్టిన పంచె కడితే ఆ రంగు బొమ్మకూ పడుతుంది. బొమ్మల్ని ఆరుబయట ఎండలో పెట్టి తీసేవారిని చూశాను. అది రెండు విధాల చెరుపు. పసుపు కొమ్ము రంగు ఎండకు వెలిసిపోయే రంగు, లక్క వేడికి మెత్తబడే పదార్థం. మబ్బు పట్టిన రోజు మాత్రం ఆరుబయట తీసినా బాగానే వస్తుంది. ఆకాశమంతా ఒకటే పంచె అనుకోండి.

కిటికీ పక్కన చిన్న బల్ల. దాని మీద తెల్ల చార్టు కాగితం. చార్టును బల్ల మీద సగం పరిచి, మిగతా సగం వెనక గోడకు అంటించాలి. మధ్యలో మడత పడకూడదు, వంపు తిరగాలి. అప్పుడు వెనక గీత కనిపించదు, బొమ్మ ఒక్కటే నిలబడుతుంది. కిటికీ ఎడమ పక్కన ఉంటే కుడిపక్క ఒక తెల్ల థర్మోకోల్ అట్టను నిలబెట్టాలి. అది వెలుగును తిరిగి నీడవైపు పంపుతుంది. అట్టను దగ్గరకు జరిపితే నీడ పలుచన, దూరం జరిపితే చిక్కన. మొత్తం పోగొట్టకండి. నీడ ఉంటేనే గుండ్రదనం తెలుస్తుంది. తెల్ల చార్టులు రెండు, నల్ల చార్టు ఒకటి, థర్మోకోల్, క్లిప్పులు, ప్లాస్టరు కలిపి నాకు అయిన ఖర్చు 140 రూపాయలు. ఫోను మా అన్నయ్య వాడి ఇచ్చినది.

నల్ల చార్టు ఎందుకంటే, బొమ్మ పొట్ట మీద ఫోటో తీసేవాడి చొక్కా కూడా కనిపిస్తుంది! అద్దం కదా. మొదటిరోజు మావయ్య చూసి, "ఏట్రా అల్లుడూ, బొమ్మ కన్నా కిటికీయే బాగా పడింది" అన్నాడు. నిజానికి కిటికీ పడటం మంచిదే. ఆ మెరుపు చూసే కన్ను "ఇది నున్నటి వస్తువు" అని పోల్చుకుంటుంది. అది కూడా లేకపోతే లక్కబొమ్మ రబ్బరుబొమ్మలా ఉంటుంది. కిటికీ మెరుపు పక్కకు, ముఖం మీద కాకుండా, భుజం మీదుగా పడేట్టు బొమ్మను తిప్పుకోవాలి. నల్ల చార్టుకు ఫోను కన్నం అంత రంధ్రం చేసి, దాని వెనకనుంచి తీస్తే చొక్కా గొడవ తీరుతుంది.

ప్రయోగశాలలో ధ్రువణం పాఠం విన్నవారికి ఇక్కడ ఒక సంగతి తట్టాలి. లక్క వక్రీభవన గుణకం సుమారు 1.5. బ్రూస్టర్ సూత్రం ప్రకారం దాదాపు 56 డిగ్రీల కోణంలో లక్క మీదనుంచి పరావర్తనం చెందే వెలుగు పూర్తిగా ధ్రువణం చెందుతుంది. కెమెరా ముందు పోలరాయిడ్ పలకను పెట్టి తిప్పితే ఆ మెరుపు మాయమవుతుంది. మా లెక్చరర్ గారి అనుమతితో ల్యాబులోని పలకతో చేసి చూశాను, నిజమే. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలతోనూ జరుగుతుంది. కాని గుండ్రని బొమ్మ మీద ఆ కోణం ఒక్కచోటే కుదురుతుంది గనుక లాభం కొంచెమే. పళ్లెంలాంటి చదును వస్తువులకు ఎక్కువ ఉపయోగం. పెంబర్తి ఇత్తడికి అయితే ఈ కిటుకు దాదాపు పనిచేయదు. లోహం మీద పరావర్తనం అలా ధ్రువణం చెందదు.

ఇక రంగు. పార్సెల్ తిరిగి రావటానికి కారణం అదే కదా. పగటి వెలుగు రంగు ఉష్ణోగ్రత 5500 కెల్విన్ చుట్టుపక్కల. గుండు బల్బుది 2700 నుంచి 3000 వరకు. అంటే బల్బు వెలుగులో ఎరుపు, పసుపు పాళ్లు ఎక్కువ, నీలం తక్కువ. మన కన్ను, మెదడు కలిసి ఆ తేడాను సర్దుకుంటాయి. బల్బు కింద కూడా తెల్లచొక్కా తెల్లగానే తోస్తుంది. ఫోను కూడా సర్దటానికి ప్రయత్నిస్తుంది. కాని బల్బు వెలుగు కొంత వెచ్చగా ఉండటం జనానికి ఇష్టమని పూర్తిగా సర్దదు. పసుపు బొమ్మ నారింజ అవుతుంది. ఇంకొక చిక్కు: ఫోను, దృశ్యంలోని రంగులన్నీ కలిపితే బూడిదరంగు రావాలనే ఊహ మీద చాలావరకు లెక్క వేస్తుంది. ఫ్రేము నిండా పసుపు బొమ్మలే పేరిస్తే, "అబ్బో, దీపమే పసుపు కాబోలు" అనుకుని నీలం కలిపేస్తుంది. బొమ్మలు పాలిపోతాయి. అందుకే చుట్టూ తెల్ల చార్టు బాగా కనిపించేట్టు ఉంచి తీయాలి. ఫోనులో తెలుపు సర్దుబాటును చేతితో పెట్టుకునే వీలుంటే పగటి వెలుగు గుర్తు మీద పెట్టి వదిలేయాలి.

కిటికీ వెలుగు వాడేటప్పుడు గదిలో బల్బులన్నీ ఆర్పేయండి. రెండు రకాల వెలుగులు కలిస్తే ఏ సర్దుబాటూ రెండింటికీ సరిపోదు. బొమ్మకు ఒకపక్క నీలం, ఒకపక్క పసుపు. పైగా మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు. బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కొన్ని చవక ఎల్‌ఈడీ బల్బుల్లో ఈ ఎగుడుదిగుడు మరీ ఎక్కువ. ఫోను చాలా తక్కువ వ్యవధిలో తీస్తే ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. రాత్రే తీయక తప్పకపోతే వ్యవధిని సెకనులో 100వ వంతుకో 50వ వంతుకో పెట్టుకోవాలి. రాత్రి బల్బుకు మరో దోషమూ ఉన్నది. చిన్న దీపానికి విలోమ వర్గ నియమం వర్తిస్తుంది. అడుగు దూరంలోని బొమ్మకన్నా రెండడుగుల దూరంలోని బొమ్మకు నాలుగో వంతు వెలుగే అందుతుంది. రాజూ రాణీ జతలో రాజు తెల్లబోయి, రాణి చీకట్లో ఉండేది అందుకే.

గోడల సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు. మా వైపు ఇళ్లకు లోపల ఆకుపచ్చ, నీలం రంగులు వేస్తారు. మావయ్య ఇంట్లో ముందుగది గాఢమైన ఆకుపచ్చ. కిటికీ వెలుగు ఎదురుగోడకు తగిలి, ఆకుపచ్చ పూసుకుని బొమ్మ మీదికి వస్తుంది. కంటికి తెలియదు, ఫోటోలో తెల్ల చార్టు నీడ చూస్తే తెలుస్తుంది. ఆ గోడకు దుప్పటి కట్టేసరికి జాఫ్రా ఎరుపు తన రంగులోకి వచ్చింది.

తెల్ల చార్టు మీద తీస్తే చార్టు బూడిదగా పడుతోందని చాలామంది ఫిర్యాదు. కెమెరా ప్రతి దృశ్యాన్నీ నడిమి వెలుగుకు తేవాలని చూస్తుంది. తెలుపు ఎక్కువైతే తగ్గిస్తుంది, నలుపు ఎక్కువైతే పెంచుతుంది. అందుచేత తెల్లవెనుక తీసేటప్పుడు తెరమీద బొమ్మను వేలితో నొక్కి, వెలుగు గుర్తును కొంచెం పైకి జరపాలి. నల్ల చార్టు మీద తీసేటప్పుడు కిందికి. ఇంతే.

దూరం విషయంలో మాత్రం కొంచెం ఆగాలి. ఫోను మామూలు కటకం విశాలంగా చూసేది. బొమ్మ ఫ్రేము నిండాలని ఫోను దగ్గరగా పెడతాము. ఎడ్లబండి బొమ్మలో ఎద్దు ఫోనుకు 6 అంగుళాలు, వెనక చక్రం 12 అంగుళాలు ఉన్నదనుకోండి. ఎద్దు రెండింతలు పెద్దదిగా పడుతుంది. ఎద్దుకు మూడడుగుల దూరం ఉండేట్టు వెనక్కి జరిగి తీస్తే ఆ దూరాలు 36, 42. తేడా ఆరింట ఒక వంతే. ఎద్దు ఎద్దులా, చక్రం చక్రంలా ఉంటాయి. వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టుకోండి. జూమ్ కటకం లేని ఫోనులో కొంత వివరం పోతుంది. ఆకారం తప్పు పోవటంకన్నా అది నయం.

ఫోను కదలకుండా ఉండాలంటే స్టాండు కొననక్కరలేదు. రెండు కేజీల బియ్యం సంచీ మీద ఆనించి, మూడు సెకన్ల టైమరు పెట్టి చెయ్యి తీసేస్తే సరి. ఫోటో తీసే ముందు కటకాన్ని మెత్తటి గుడ్డతో తుడవాలి. లాల్చీ జేబులోనుంచి తీసిన ఫోను కటకం మీద ఉండే జిడ్డు, ఎంత మంచి కెమెరానైనా పొగమంచులోకి నెట్టేస్తుంది.

సైజు తెలిసేందుకు పక్కన ఏమి పెట్టాలి అని మా హాస్టలు గదిలో ఒక రాత్రి వాదించుకున్నాము. స్కేలు పెడితే ల్యాబు రికార్డులా ఉంటుంది. అగ్గిపెట్టె తెలియనివాడు లేడు గనుక నేను దానికే ఓటు వేశాను. తరువాత అంతకన్నా మంచిది దొరికింది, మావయ్య చెయ్యి. అరచేతిలో బొమ్మ పెట్టుకుని కూర్చున్న ఫోటోలో సైజూ తెలుస్తుంది, చేసినవాడూ కనిపిస్తాడు. ఒక్కో బొమ్మకు ఐదు ఫోటోలు చాలు: ముందు, పక్క, వెనక, అడుగుభాగం, చేతిలో. అడుగున లక్క పూయని చోట కర్ర రేణువు కనిపిస్తుంది. ప్లాస్టిక్ కాదని నమ్మించటానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. ఎక్కడైనా ముడి ఉంటే, రంగు పొర సన్నబడితే దాన్ని కూడా దగ్గరగా తీసి పంపాలి.

ఈ చివరి మాట దగ్గర మా అన్నయ్యకూ నాకూ పడలేదు. ఫోనులో రంగు పెంచే మీట ఉన్నదిగా, కొంచెం లాగితే బొమ్మ ధగధగలాడుతుంది, ధగధగలాడేదే అమ్ముడుపోతుంది అంటాడు. ఆయన మాటలో అబద్ధం లేదు, అమ్ముడుపోతుంది. మా నాన్న అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం వేసిన మనిషి. అక్కడ దిమ్మ రంగు చూసి ధర కడతారు. తెల్లగా ఉంటే పై ధర. ఆ తెలుపు కోసమే పాకంలో హైడ్రోస్ కలపటం మొదలైంది. రసాయనశాస్త్రంలో సోడియం హైడ్రోసల్ఫైట్ అని చదువుకునేది అదే, చలువచేసే మందు. మందు వేయని బెల్లం కాస్త ముదురురంగులో ఉండి, మంచిదై కూడా తక్కువ ధరకు పోయిన రోజులు మా ఇంట్లో తెలుసు. ఫోనులోని ఆ మీట నాకు హైడ్రోస్ డబ్బాలాగే కనిపిస్తుంది. ప్రకృతి రంగులకు ఒక అణకువ ఉంటుంది. పసుపు కొమ్ము రంగు ప్లాస్టిక్ పసుపులా అరవదు. దాన్ని అరిపించి అమ్మితే, పార్సెల్ విప్పినవాడికి అసలు బొమ్మే వెలిసినదానిలా కనిపిస్తుంది. నిజం రంగు చూసి ముగ్గురే ఆర్డరు పెట్టినా, ఆ మూడూ తిరిగిరావు.

తెరలు కూడా ఒకదానికొకటి పోలవు. ఒకే ఫోటోను మా గదిలో నాలుగు ఫోన్లలో చూస్తే నాలుగు పసుపులు. అందువల్ల ఫోటో కింద రెండు మూడు వాక్యాలు రాయటం మేలు: ఎత్తు ఇన్ని సెంటీమీటర్లు, బరువు ఇన్ని గ్రాములు, రంగు పసుపు కొమ్ముది, చేతిపని గనుక ఒక్కో బొమ్మకు కొంచెం తేడా ఉంటుంది అని. వాక్యాలు మావయ్య చెబుతాడు, నేను రాస్తాను. ఆయన చెప్పే మాటల్లో సగం ఉత్తరాంధ్ర యాస. దాన్ని దిద్దబోతే బాగుండదని అలాగే ఉంచాను.

2025 సంక్రాంతి వరకు ఈ పద్ధతిలో నలభైకి పైగా పార్సెళ్లు వెళ్లాయి. రెండు తిరిగి వచ్చాయి. ఒకటి దారిలో వీణ మెడ విరిగి, ఇంకొకటి చిరునామా తప్పై. రంగు బాగాలేదని ఒక్కటీ రాలేదు. దీనివల్ల చిన్నకొడుకు ఆగిపోతాడని నేను చెప్పలేను. కంపెనీ జీతం నెలనెలా వస్తుంది, బొమ్మ డబ్బు అలా రాదు.

పరీక్షలు దగ్గరపడ్డాక నాకు వెళ్లటానికి తీరలేదు. ఇప్పుడు ఫోటోలు తీసేది ఇంటర్ చదివే మావయ్య కూతురు. ఆ పిల్ల బల్లను ముందుగది నుంచి ఖాళీగా పడి ఉన్న పశువుల సాలలోకి మార్చింది. సాలకు మూడువైపులా సున్నం కొట్టిన తెల్లగోడలు, ఉత్తరం వైపు బారున ఖాళీ. గోడలే థర్మోకోల్ పని చేస్తాయి, పంచెతోనూ దుప్పటితోనూ పనే లేదు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా వెలుగు పెద్దగా మారటం లేదట. నా కిటికీలో రెండు గంటలే దొరికేది.